అవ్వ రేడియో, ఆసుపత్రి తీగ

మా నాయన రేడియో రిపేరుకు కూర్చుంటే మొదట స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు కాదు. రేడియోను బల్ల మీద పెట్టి, సౌండు పెంచి, కళ్ళు మూసుకునేవాడు. "ముందు అదేం చెప్తాండాదో ఇనల్ల పాపా" అనేవాడు. గుత్తిలో మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి పోలేదు. కాలు బాగయ్యాక, నా ఈడు పిల్లలంతా పైతరగతులకు పోయారని సిగ్గుపడి పోలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని చదువు నేర్పింది. మిగతాదంతా నాయన రేడియో ముందు పెట్టుకుని నేర్పాడు. మిక్సీ రొద ఎట్లుంటుంది, ట్యూబులైటు రొద ఎట్లుంటుంది, ఎక్కడో దూరాన ఉరిమితే రేడియోలో ముందుగా ఎట్లా చిటపటమంటుంది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నాకు లోకం తెలిసింది ఆ బైబిలు, ఆ రేడియో, ఆ రెండింటి నుంచే. అందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

ఇప్పుడు పని మానేసి ఇంటిపట్టున ఉన్నాను. మా వీధిలో నెట్ కనెక్షన్లు ఇచ్చే పిల్లలు అప్పుడప్పుడు మంచినీళ్ళకని వచ్చి, "కరెంటు తీగల మీద నెట్ పంపినారంట కదా మేడమ్, నిజమేనా?" అని నవ్వుతారు. నిజమే నాయనలారా. పంపాం. కొన్నాళ్ళు బాగానే పోయింది కూడా. ఆ కొన్నాళ్ళలో ఒక మనిషి పని చేసిన తీరు చూశాను. అది మీకు చెప్పకపోతే నాకు తోచదు.

నేను పనిచేసింది ఒక చిన్న కంపెనీలో. ఇళ్ళల్లో డబ్బాలు తగిలించడం, జనం చెప్పేది విని పైవాళ్ళకు చెప్పడం నా పని. శింగనమల దిక్కున కొండ వెనకాల పడిపోయిన ఊరొకటి మాకు అప్పగించారు. అక్కడ ఫోను మోగాలంటే కొండెక్కాలి. కేబులు వేద్దామంటే గడ్డపార దిగని రాయి. అందుకని, పక్క ఊరి సబ్‌స్టేషను దాకా వచ్చిన నెట్‌ను కరెంటు తీగల మీదికి ఎక్కించి ఊళ్ళోకి తెచ్చారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక పెద్ద డబ్బా, ఆరోగ్య ఉపకేంద్రంలో ప్లగ్గుకు ఒక చిన్న డబ్బా. అంతే. ఊళ్ళో వాళ్ళు ఆ ఉపకేంద్రాన్ని ఆసుపత్రి అనేవారు.

ఆ ఆసుపత్రిలో ఉన్నది ఒక్క నర్సమ్మ. అనంతపురంలోని డాక్టరు మొదటిసారి కంప్యూటరులో కనబడినప్పుడు ఆమె కొంగు సర్దుకుని లేచి నిలబడింది. అంతకు ముందు పుండు చూపించుకోవాలన్నా, బీపీ మాత్ర మార్చాలన్నా కూలీ మానుకుని బస్సెక్కాలి. ఇప్పుడు పుండు కెమెరా ముందు పెడితే చాలు. "అక్కా, ఈ తీగ తెగకుండా చూడు. నాకింకేమీ వద్దు" అనేది నర్సమ్మ నాతో. నేను పొద్దున ప్రార్థనలో ఆ తీగను కూడా తలుచుకునేదాన్ని.

మూడో వారమో నాలుగో వారమో, ఆసుపత్రి గడప మీదికి ఒక అవ్వ వచ్చింది. కొంగు కింద ఏదో దాచుకుని ఉంది. బయటికి తీస్తే పాత రేడియో, దానికి వంకరపోయిన ఏరియలు.

"ఏమ్మే, నా రేడియో గొంతు పిసికింది నువ్వేనా?" అంది నన్ను చూసి.

"ఏమైంది అవ్వా?"

"నన్నడుగుతావా? నువ్వే ఇను." రేడియో ఆన్ చేసింది. షార్ట్‌వేవ్. డయలు మీద ఎర్ర గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టుకుంది. ముల్లు ఆ చుక్క మీద ఉంది. వచ్చేది మాత్రం టకటకటకటక. దాని వెనకాల గుర్రుమని ఇంకో రొద.

ఆ చుక్క దేనికో నాకు తెలుసు. మా ఇంట్లో కూడా డయలు అక్కడే ఆగేది. సాయంత్రం పూట ఎక్కడో దూరదేశం నుంచి తెలుగులో వాక్యం చదివి, ప్రార్థన చేస్తారు. ఈ ఊరికి పాస్టరు నెలకొకసారి వస్తాడు. మిగతా దినాలు అవ్వ ఇంటి అరుగే వాళ్ళ గుడి, ఆ రేడియోనే వాళ్ళ పాస్టరు. కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళంతా అక్కడ చేరతారు.

ఊరి లైన్‌మన్ అక్కడే ఉన్నాడు. నవ్వాడు. "ఏమవ్వా, ఈ కాలంలో రేడియో ఏంది? టీవీ కొనుక్కోరాదా?"

"నీ టీవీ నువ్వే చూసుకోరా. అది చూసే నీ మొగం అట్లయింది" అంది అవ్వ.

ఆ మాట ఏ వేళ అన్నదో గాని, మర్నాడు లైన్‌మనే మెత్తబడి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో మిద్దె మీద యాంటెన్నా పెట్టుకున్న పాత టీవీ ఉంది. దాని బొమ్మ మీద చీమలబారు లాగా గీతలు పాకుతున్నాయట. "మా ఆడది సంగటి పెట్టలేదక్కా రాత్రి. 'ఆ డబ్బా కట్టింది నువ్వే కదా, పోయి దాన్నే అడుక్కో పో' అనింది" అన్నాడు.

నేను కొండెక్కి పై ఆఫీసుకు ఫోను చేశాను. మేనేజరు వినే మనిషే, కానీ తొందర మనిషి. ఇంకో పది దినాల్లో ప్రభుత్వ అధికారులు చూడడానికి వస్తున్నారు. రేడియో చెడిపోయిందని ఫిర్యాదు వాళ్ళ చెవిన పడితే ఈ పని ఇక్కడితో ఆగిపోతుంది, ఆసుపత్రి తీగ కూడా పోతుంది అన్నాడు. "ఆ పెద్దామెకు మంచి ఎఫ్‌ఎం రేడియో ఒకటి కొనివ్వండి. వాళ్ళొచ్చిన రోజు కాస్త ఇంట్లోనే ఉండమనండి" అన్నాడు.

కొత్త రేడియో తీసుకుపోయాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్లో వాక్యం వస్తాదా?"

"రాదవ్వా. పాటలు వస్తాయి."

"అయితే నీకే ఉండనీ. దావ నడిచేటప్పుడు ఇనుకుంటా పో."

నాకు ఎటూ పాలుపోలేదు. అవ్వ వైపు నిలబడితే నర్సమ్మ తీగ తెగుతుంది. నర్సమ్మ వైపు నిలబడితే అవ్వ అరుగు మూగబోతుంది. ఆ రాత్రి ప్రార్థనలో ఏమడగాలో తెలియక ఊరికే మోకాళ్ళ మీద ఉండిపోయాను. రెండో దినం ఫిర్యాదు సంగతి తెలిసి మా ఇంజనీరు వచ్చాడు.

ఇంజనీరు కృష్ణా జిల్లా వాడు. వయసులో నాకన్నా చాలా చిన్న. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర డబ్బా ఎక్కడ కట్టాలో, ఎట్లా కట్టాలో అంతా ఆయన గీసిందే. సొంత పనిని తప్పు పట్టిన చోటికి ఎవరైనా మొగం ముడుచుకుని వస్తారు. ఈయన మోటారుసైకిలు దిగగానే అడిగిన మొదటి మాట, "ఆ రేడియో ఎవరిదండీ? ఏ టైముకు వింటారు?"

సాయంత్రం దాకా ఆగి అవ్వ ఇంటికి పోయాం. అరుగు మీద ఆడవాళ్ళు విత్తనానికి చెనక్కాయలు వలుస్తున్నారు. వాన ఎప్పుడొస్తుందో తెలియకపోయినా విత్తనం సిద్ధంగా ఉండాలి కదా. ఇంజనీరు చెప్పులు విడిచి, కింద కూర్చుని, తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాడు. "మామ్మగారూ, ప్రోగ్రాం పెట్టండి, వింటాను" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "మామ్మ అంటే ఎవురే?"

"నువ్వే అవ్వా. వాళ్ళ పక్క అట్లంటారు."

"అట్లనా. సరే, మామ్మనే అవుదాం. సారూ, గింజలు ఇత్తనానికి. నోట్లో ఏసుకునేకి కాదు."

నోటి దాకా పోయిన గింజను ఆయన గబుక్కున చాటలో వేశాడు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. తర్వాత రేడియో పెట్టారు. టకటక, గుర్రు. ఆ రొద అడుగున ఎక్కడో ఒక మగగొంతు, అక్షరాలు తెగిపోతూ. ఆడవాళ్ళు ఆ తెగిన మాటలకే తల వంచుకుని కూర్చున్నారు. ప్రోగ్రాం అయిపోయేదాకా ఇంజనీరు కదల్లేదు. మా నాయన కూర్చున్నట్టే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

అయిపోయాక, "ఆ టకటక మా డబ్బాదేనండీ" అన్నాడు. చుట్టూ తిప్పి చెప్పడం ఆయనకు రాదు. "కరెంటు తీగకు పైన తొడుగు ఉండదు మామ్మగారూ. లోపల పోయేదంతా దారి పొడుగునా బయటికి చెప్పుకుంటూ పోతుంది. మీ రేడియో వచ్చే దారీ, మా నెట్ పోయే దారీ ఒకటే అయిపోయాయి. మీ దారి వదిలేసి పక్కనుంచి పొమ్మని డబ్బాకు చెప్పొచ్చు. టీవీ దారి కూడా వదిలేయొచ్చు. కాకపోతే నెట్ కాస్త నిదానిస్తుంది."

మర్నాడు ఆసుపత్రిలో ఆ నిదానం మాట వినగానే నర్సమ్మ హడలిపోయింది. "డాక్టరు బొమ్మ నిలబడిపోతే ఎట్ల సార్? పుండు చూపిస్తాంటే ఆగిపోతే?" ఆమెనూ తేలిగ్గా తీసుకోలేదు ఆయన. ఆమె పక్కన కూర్చుని, అనంతపురం డాక్టరును పిలిపించి, దారులు ఒక్కొక్కటే మూస్తూ, "ఇప్పుడు కనిపిస్తున్నారా? ఇప్పుడో?" అని ఆమెనే అడుగుతూ పోయాడు. ఆమె చాలన్న చోట ఆపాడు. నేను చాలామంది ఇంజనీర్లతో పనిచేశాను. మీటరు చూసి చాలన్న వాళ్ళే అందరూ. నర్సమ్మ చాలన్నదాకా ఆగింది ఈయనొక్కడే.

ఆ సాయంత్రం రేడియోలో టకటక లేదు. లైన్‌మన్ ఇంటి నుంచి పరుగెత్తి వచ్చాడు, "గీతలు పోయినాయి సార్, మా ఇంట్లో సంగటి ఉడుకుతాండాది" అని. కానీ గుర్రు పోలేదు. వాక్యం సగం వినబడుతుంది, సగం గుర్రులో మునిగిపోతుంది. పైగా ఆసుపత్రిలో కూడా సాయంత్రమైతే డాక్టరు బొమ్మ తెగిపోవడం మొదలయింది. ముందు ఎక్కువ దారులుండేవి కాబట్టి ఆ గుర్రు దెబ్బ బయటపడలేదు.

ఇంజనీరు డబ్బాను పూర్తిగా ఆపేసి చూశాడు. గుర్రు అట్లాగే ఉంది. అంటే అది మా డబ్బాది కాదు. అధికారులు రావడానికి నాలుగు దినాలు కూడా లేవు. వేరేవాళ్ళయితే, 'మాది కాదు, కరెంటువాళ్ళది' అని రాసిచ్చి మోటారుసైకిలు ఎక్కేవాళ్ళు. ఆయన మళ్ళీ అవ్వ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

"మామ్మగారూ, ఈ గుర్రు కొత్తదా?"

"పాతదే నాయనా. ఎండాకాలం ఎప్పుడూ ఉండేదే. కాకుంటే నీళ్ళ ట్యాంకరొచ్చిన దినం ఉండేది కాదు. ఆ పొద్దు వాక్యం గంట కొట్టినట్ల పలికేది." పక్కనున్న ఆడవాళ్ళు కూడా అవునన్నారు. నీళ్ళొచ్చిన దినం దేవుడు దగ్గరికొస్తాడని వాళ్ళ నమ్మకం. "ఇప్పుడు ట్యాంకరొచ్చినా గుర్రే. మా ప్రార్థన తక్కువైందేమో అనుకుంటాండాం" అంది ఒకామె.

లైన్‌మన్ నవ్వబోయాడు. ఇంజనీరు నవ్వలేదు. "ట్యాంకరు ఎప్పుడూ ఒకే చోట ఆగేదా అండీ?"

"ఆడ్నే, ట్రాన్స్‌ఫార్మరు కాడ. దాన్ని ముందరికి తరిమింది మీరే కదప్పా!" అంది అవ్వ.

డబ్బా కట్టిన రోజు జరిగింది నాకు కళ్ళముందు మెదిలింది. బిందెలతో ఆడవాళ్ళు ట్రాన్స్‌ఫార్మరు కంచె దగ్గర తోసుకుంటున్నారనీ, ఎవరికైనా షాకు కొడుతుందేమోననీ, ట్యాంకరును వీధి చివరికి మార్పించింది ఇంజనీరే. మంచికే చేశాడు. ఊరంతా మెచ్చుకుంది కూడా.

ఇంజనీరు లేచి, చీకటి పడకముందే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయాడు. కంచె పక్కనే ఎర్త్ గుంత ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఒక ఇనుప పట్టీ భూమిలోకి దిగే చోటు. ఆ భూమిలో తడి ఉంటేనే తీగల మీది రొద నేలలోకి దిగిపోతుంది. అందుకే మా పక్క ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్ళు పోస్తారు. ఈ ఊళ్ళో పోయాల్సిన పని పడేది కాదు. ట్యాంకరు పైపు కారి, బిందెలు తొణికి, ఆ నీళ్ళన్నీ పల్లానికి పారి గుంతలోనే ఇంకేవి. ట్యాంకరును తరిమాక గుంత ఇటుకలాగా ఎండిపోయి, పగుళ్ళిచ్చి ఉంది. సరిగ్గా అప్పుడే మా డబ్బా వచ్చింది కాబట్టి పాపమంతా డబ్బా నెత్తిన పడింది. పట్టీ బోల్టు కూడా వదులై ఉంది. లైన్‌మన్ దాన్ని చూసి తలకాయ గోక్కున్నాడు.

"నీళ్ళు పోయించాలి" అన్నాడు ఇంజనీరు. అన్నాక తనే వెనక్కి తగ్గాడు. ఆ ఊరికి ట్యాంకరు వచ్చేదే రోజు విడిచి రోజు. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. "తాగే నీళ్ళు వద్దండీ. నేను బయటినుంచి ఏదైనా..."

"తాగే నీళ్ళు ఎవురు పోస్తామన్నారు నాయనా?" అంది అవ్వ. "గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోస్తామే, అవి చాలవా ఆ గుంతకు? దానికి రుచి కావల్లనా ఏమి?"

మర్నాడు పొద్దున లైన్‌మన్ కరెంటు ఆపి, బోల్టు బిగించి, గుంత తవ్వి గుల్ల చేశాడు. బొగ్గూ రాళ్ళుప్పూ వేశాడు. ఉప్పు అవ్వ ఇంటి నుంచే వచ్చింది. ఆడవాళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళు బక్కెట్లలో తెచ్చి కంచె బయట పెట్టారు. లోపలికి ఎవరినీ రానివ్వకుండా అతనే ఒక్కొక్కటీ అందుకుని పోశాడు. "సంగటి మెతుకులు గూడా తెచ్చినారే మ్మేయ్, ట్రాన్స్‌ఫార్మరుకు విందా?" అని అతను, "నీకు దొరకని దినం ఆడికొచ్చి తిందువు లేప్పా" అని వాళ్ళు. ఇంజనీరు చొక్కా చేతులు మడిచి బక్కెట్లు మోశాడు. నేనూ మోశాను. ఆ పొద్దు నోటితో పాట పాడలేదు గాని, లోపల పాడుతూనే ఉన్నాను.

అధికారులు వచ్చే దినం మేనేజరు ముందే వచ్చి, "ఆ పెద్దామె ఇంట్లోనే ఉంది కదా?" అని నన్నడిగాడు. నేను జవాబు చెప్పేలోపలే అవ్వ రేడియో చంకన పెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కుతోంది. ఆమెను పిలిచింది ఇంజనీరే. కంప్యూటరు పక్కన బల్ల మీద ఆ రేడియో పెట్టించాడు. మేనేజరు మొగం తెల్లబోయింది.

జీపు దిగి ఇద్దరు అధికారులు వచ్చి కూర్చున్నారు. కంప్యూటరులో అనంతపురం డాక్టరు. ఎదురుగా కాలికి పుండు ఉన్న ఒక కూలీ, పక్కన నర్సమ్మ. ఇంజనీరు లేచాడు. "సార్, మా పని చూపించే ముందు మా మీద వచ్చిన ఫిర్యాదు వినిపిస్తాను" అన్నాడు. డబ్బాను పాత పద్ధతిలోకి మార్చి రేడియో పెట్టాడు. గదంతా టకటక. "ఇది మా డబ్బా చేసిన చెరుపు. తీగలు బయటే ఉంటాయి కాబట్టి ఏ ఊళ్ళో పెట్టినా రేడియోకో, టీవీకో ఇది జరగొచ్చు. ముందే చూసుకోవాల్సింది, మేం చూసుకోలేదు." తర్వాత ట్యాంకరు సంగతి. "షాకు కొడుతుందని నేనే దాన్ని తరిమించాను. ఎర్త్ గుంత ఎండుతుందని తోచలేదు. ఆ సంగతి ఈ మామ్మగారు చెబితేనే తెలిసింది." ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క ఇంకొకరి మీదికి నెట్టలేదు. తన కొలువు ఏమవుతుందో ఆయనకూ తెలియదు. ఆ ధైర్యం నేను బైబిల్లో చదివాను గాని, ప్యాంటు చొక్కాలో చూడడం అదే మొదలు.

డబ్బాను మళ్ళీ కొత్త పద్ధతిలోకి మార్చాడు. టకటక ఆగింది. గుర్రు లేదు. గదిలోకి ఒక గొంతు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత తేటగా వచ్చింది. అదే ఆ ప్రోగ్రాం వేళ. కంప్యూటరులో డాక్టరు కదులుతూనే ఉన్నాడు.

పెద్ద అధికారి అవ్వ వైపు వంగి, "ఏమ్మా, ఇప్పుడు రేడియో బాగా వినబడుతోందా? మీకు తృప్తేనా?" అని అడిగాడు.

అవ్వ కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తింది. "గమ్మునుండు నాయనా. వాక్యం చదువుతాండారు."

పెద్ద అధికారి గమ్మునున్నాడు. చిన్న అధికారి గమ్మునున్నాడు. మేనేజరు చేతులు కట్టుకున్నాడు. పుండు కాలు కుర్చీ మీద పెట్టుకున్న కూలీ కూడా కదల్లేదు. అనంతపురంలో డాక్టరు, ఇక్కడ ఏం జరుగుతోందో తెలియక, అందరూ ఎందుకు తల వంచారో అర్థం కాక, తనూ మర్యాదగా మౌనంగా ఉన్నాడు. ఆమెన్ అయ్యేదాకా ఆ గదిలో తీగ మీద వచ్చేదీ, ఆకాశంలో వచ్చేదీ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

తర్వాత అవ్వ కళ్ళు తెరిచి, "ఇప్పుడడుగు" అంది.

ఆ ఊళ్ళో తీగ ఆగలేదు. ఏ ఊళ్ళో పెట్టినా ముందు అక్కడి రేడియోలూ టీవీలూ విని, వాటి దారులు వదిలేశాకే నెట్ ఎక్కించాలని అధికారులు రాయించారు. కొన్నేళ్ళకు కొండ మీదికి ఫోను టవరు వచ్చింది. మా డబ్బాలతో పని లేకపోయింది. విప్పడానికి పోయింది కూడా నేనే. బాధేమీ కలగలేదు. వచ్చిన పని చేసి, ఎవరినీ చెరపకుండా పోయాయి. అన్నిటికీ ఆ భాగ్యం ఉండదు.

నేను ఉద్యోగం మానేసిన వారం ఇంజనీరు ఫోను చేశాడు. ఇప్పుడు పెద్ద హోదాలో, వేరే రాష్ట్రంలో ఉన్నాడు. నా ఆరోగ్యం గురించి అడిగాడు, ఇంటి గురించి అడిగాడు. చివరికి, "మామ్మగారి రేడియో ఎలా ఉందండీ?" అన్నాడు.

అంతకు ముందు నెలలోనే నేను ఆ ఊరికి పోయి వచ్చాను. పెద్ద డబ్బా ఉన్న చోట రెండు బోల్టు రంధ్రాలు తప్ప ఏమీ లేవు. కంచె బయట నాలుగు బక్కెట్లు వరసగా ఉన్నాయి, గిన్నెలు కడిగిన నీళ్ళతో. లోపల లైన్‌మన్ గొణుక్కుంటూ ఒక్కొక్కటే పోస్తున్నాడు. అవ్వ అరుగు మీది నుంచి వాక్యం తేటగా వినబడుతోంది.

"గుంత తడిగానే ఉంది సార్" అన్నాను.

"చాలండీ" అన్నాడు. ఆ రాత్రి ప్రార్థనలో ఆయన పేరు మొదట చెప్పుకున్నాను.